వాసనల రిజిస్టరు రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మురుగునీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టుగా చేరావనీ, వాసనల రిజిస్టరు నీకే అప్పగించారనీ రాశావు. కొత్తలో నేను ఆ పుస్తకంలో నెలల తరబడి "దుర్వాసన ఉంది" అని మాత్రమే రాస్తూ పోయాను. చుట్టుపక్కల కాలనీవాళ్ళు గేటు దగ్గరికి వచ్చి నిలదీసిన రోజున పేజీలన్నీ తిరగేసినా, తప్పు ఏ ట్యాంకులో జరిగిందో ఒక్క పేజీ కూడా చెప్పలేకపోయింది.

కాబట్టి వాసన దేనిలా ఉందో ఒక గడిలో, ఎంత ఘాటుగా ఉందో మరో గడిలో రాయి. ఈ రెండూ కలిసిపోతే రాత పనికిరాదు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. కుళ్ళిన క్యాబేజీ వాసన మెర్కాప్టాన్లది. చేపల నీచు అమైన్లది. మలం కంపు ఇండోల్, స్కటోల్‌లది. బురదను గాలి తగలకుండా కుళ్ళబెట్టే డైజెస్టరు దగ్గర పులిసిన, వాంతిని తలపించే వాసన వస్తే అక్కడ ఆమ్లాలు పేరుకుంటున్నాయేమోనని అనుమానించాలి. నీటిలోకి గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు మీద తొలకరి మట్టి వాసన వస్తే మాత్రం సంతోషించు, ట్యాంకు బాగా నడుస్తోందన్నమాట. అదే ట్యాంకు కోడిగుడ్డు కంపు కొడితే ముందు గాలి ఊదే బ్లోయర్లనూ, నీటిలో కరిగిన ఆక్సిజన్‌నూ చూడాలి. అమెరికాలో మెల్ సఫెట్ తదితర పరిశోధకులు ఇలాంటి పోలికలనే ఒక చక్రంగా గీశారు. వాళ్ళ పోలికలు బట్టీపట్టనక్కరలేదు. నీచు, కమరు, ముక్కిన బియ్యం వంటి మాటలు మన వంటింట్లోనే ఉన్నాయి.

ఎక్కడ నిలబడి వాసన చూశావో కూడా రాయాలి. హైదరాబాదులో అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ (రోజుకు 33.9 కోట్ల లీటర్ల) కేంద్రంలో ఉన్నటువంటి యూఏఎస్‌బీ రియాక్టర్లలో, అంటే మురుగునీరు కిందినుంచి బురద పొర గుండా పైకి పారే ట్యాంకులలో, ఆక్సిజన్ లేనిచోట సల్ఫేట్లు సల్ఫైడ్‌గా మారి నీటిలో కరిగి ఉంటాయి. ఆ నీరు ఎత్తు నుంచి దూకేచోట హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు బయటపడుతుంది. అందుకే నిలకడగా ఉన్న నీటి దగ్గర కంటే వీర్ (నీరు పొర్లి దూకే గట్టు) దగ్గర కంపు ఎక్కువ. గాలి ఎటు వీస్తోందో, వేళ ఎంతయిందో తప్పక చేర్చు. గాలి కదలని తెల్లవారుజామున కంపు నేలను పట్టుకునే ఉంటుంది. రౌండుకు వెళ్ళే ముందు అరగంటసేపు కాఫీ తాగవద్దు, ఆ రోజు సెంటు పూసుకోవద్దు. నాలుగైదు చోట్లు చూశాక ముక్కు మొద్దుబారుతుంది. బయటి గాలిలో కాసేపు నిలబడి మళ్ళీ మొదలుపెట్టు.

ఒకసారి పంపు గుంత దగ్గర కంపు ఉన్నట్టుండి ఆగిపోతే గాలి బాగుపడిందనుకుని నేను మెట్టు దిగబోయాను. జేబులోని గ్యాస్ మీటరు మోగకపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దాటితే ముక్కుకు దాన్ని పసిగట్టే శక్తే పోతుంది. వాసన తగ్గిందని నీకు అనిపించినా మీటరు అంకె చూడకుండా "తగ్గింది" అని రాయవద్దు, మీటరు లేకుండా గుంతల వైపు అసలు వెళ్ళవద్దు.

మొదటి వారం పేజీలు ఆదివారం ఇంటికి తీసుకురా. ఎక్కడైనా "దుర్వాసన" అన్న మాట ఒక్కటే కనిపిస్తే ఆ పేజీ నీ చేత మళ్ళీ రాయిస్తాను.

ఇట్లు,
పెదనాన్న