తాగి కాదు సారూ, తాగక

“ఆదాయ అసమానతల మీద రోడ్డెక్కేవాళ్లే మత్తుమందుల చట్టాలు సడలించాలని కూడా ఎందుకు అంటారు? మన జనం దీన్ని ఎలా చూస్తారు?” అని అడిగారు.

ఆదాయ అసమానతల మీద ‘ఆక్యుపై వాల్‌స్ట్రీట్’ అంటూ రోడ్డెక్కిన న్యూయార్క్ వాళ్లను నేను టీవీలోనే చూశాను. 2011 సెప్టెంబర్ 17న వాళ్లు జుకోటీ పార్కులో కూర్చునే సరికి మేం ఇక్కడ సకల జనుల సమ్మె మొదలుపెట్టి నాలుగు రోజులైంది. ‘మేం 99 శాతం’ (అంటే పైనున్న ఒక్క శాతం ధనవంతులు కాని జనం) అన్న వాళ్ల నినాదం వార్తల్లో విని మా పక్కింటి టీచర్ సారు “మనం మాత్రం ఎవరం” అన్నాడు. మరుసటి ఏడాది నవంబర్‌లో అక్కడి కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో జనం ఓటేసి మరీ గంజాయిని చట్టబద్ధం చేసుకున్నారు. అది వాళ్ల కథ. నాది పాలమూరు ముచ్చట.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. హమాలీలు బస్తాకు రెండు రూపాయలు పెంచమని కలెక్టరాఫీసు ముందు టెంటు వేశారు. నాకు జ్వరమని సేటుకు చెప్పి నేనూ పోయి కూర్చున్నా. సరిగ్గా ఆ వారమే ఎక్సైజ్ వాళ్లు దాడులు చేసి ఊళ్లో కల్లు కాంపౌండ్లు మూయించారు. దానికీ మా ధర్నాకూ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

హమాలీల్లో అందరం కాకా అని పిలిచే ఒకాయన ఉండేవాడు. వీపున వడ్ల బస్తా పడితే నడక ఉండదు, పరుగే. ఆ రోజు పొద్దున్నుంచీ అంగీ మీద లేని చీమలు ఏరి పారేస్తున్నాడు. కాసేపటికి ఎదురుగా ఏమీ లేకున్నా “లారీ ఎన్కకు రానియ్యి... రానియ్యి... ఆపు” అంటూ చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. పోరగాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. పన్నెండు దాటాక ఉన్నచోటే వెనక్కి పడి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. ఎవరో తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఇంకొకరు మజ్జిగ పాకెట్ చింపి నోట్లో పోయబోతే నేనే ఆపాను. బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ “ధర్నాకు గూడ తాగొస్తరా?” అన్నాడు. అప్పుడే ఉరికొచ్చిన కాకా భార్య, మేం చిన్నమ్మ అని పిలిచేది, ఆయన మీదికి తిరగబడింది. “తాగి కాదు సారూ, తాగక. మూడొద్దులాయె కల్లు లేక. మూడొద్దులాయె కన్ను మూతబడక.”

మైకు పట్టుకున్న నాయకుడేమో “ఆయన్ను కొంచెం పక్కకు జరపుర్రి, పేపరోళ్లు ఫొటో తీస్తున్నరు” అన్నాడు. మన ధర్నాలకు పట్టిన రోగం ఇదే. గంటన్నర కూర్చుంటే గంట ఫొటోకే.

ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోతే వార్డులో అప్పటికే అలాంటివాళ్లు పది మంది దాకా ఉన్నారు. ఇద్దరిని గుడ్డలతో మంచానికి కట్టేశారు. కల్లులో మత్తు కోసం కలిపే అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు ఏళ్ల తరబడి లోపలికి పోయాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయని, ప్రాణం కూడా పోవచ్చని డాక్టర్ చెప్పాడు. వైద్యమేమిటి? అదే జాతి మందు, చీటీ మీద రాసి, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావడం. కాంపౌండ్‌లో కలిపితే కేసు, దవాఖానలో ఇస్తే వైద్యం. నాకు ఆ రోజే చట్టం గురించి మొదటిసారి అనుమానం పుట్టింది.

ఇంటికొచ్చాక తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నా. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి 20 కిలోలు దాటితే అది వ్యాపారానికి తెచ్చినట్టు, తక్కువలో తక్కువ పదేళ్లు. అల్ప్రాజోలానికి 100 గ్రాములు దాటితే చాలు. అంటే కాగితం మీద ఆ తెల్ల పొడి గంజాయికి తాత. అయినా మా ఊళ్లో గంజాయితో దొరికిన పిల్లగాణ్ణి ఉరి తియ్యాలంటారు, కల్లంటే మాత్రం ‘మనదే’ అంటారు. మా చుట్టుపక్కల ఈతచెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కల్లు సీసాలు మాత్రం ట్రాలీల కొద్దీ దిగుతాయి. ఎక్కడిదని అడిగినవాడు లేడు. మోకు కట్టుకుని చెట్టెక్కే గీత కార్మికుణ్ణి నేను అనడం లేదు, ఆయనా ఈ పొడి వల్ల నష్టపోయినవాడే.

ఇక మీరడిగిన సడలింపు. మన దగ్గర ఆ మాట ఎత్తితే ఆడవాళ్లే కొడతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం ఏం అడిగింది? మగవాడి కూలి ఇంటికి చేరాలని. 1993లో సారా బందైంది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమే వచ్చింది, 1997లో సడలించారు. నన్నడిగితే అది కూడా అసమానతల మీద ఉద్యమమే. కానీ నిషేధం పెట్టినా తీసినా కాకా వీపు మీద బస్తా దిగలేదు. రాత్రి ఆ నడుం నొప్పికి నిద్ర పట్టాలంటే ఏదో ఒకటి కావాలి. ఆ మాట ఏ చట్టంలోనూ లేదు. మనవాళ్లు చట్టం చూడరు, తాగేవాడి మొహం చూసి తీర్పు చెప్తారు.

ధర్నా నాలుగు రోజులు నడిచి బస్తాకు రూపాయి పెరిగింది. కాకా ఇంటికొచ్చాడు. డాక్టర్ వారం వారం మోతాదు తగ్గించమని రాసిచ్చాడు, చిన్నమ్మకు చదువు రాదు. అందుకని ప్రతి ఆదివారం నేను బ్లేడుతో మాత్రలు సగాలూ పావులూ చేసి, ఏ రోజుకారోజు పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి. రెండు వారాలు బాగానే తీసుకెళ్లాడు, చీమలు కూడా పోయాయన్నాడు. మూడో వారం కాంపౌండ్ మళ్లీ తెరిచారు. ఆ ఆదివారం కట్టిన పొట్లాలు చాలా రోజులు నా టేబుల్ సొరుగులోనే ఉన్నాయి.