అమెరికాలో చవగ్గా వచ్చిన ఏఎం రేడియో స్టేషను కొనవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డాలస్ శివార్లలో ఒక ఏఎం (మన ఆకాశవాణి మీడియం వేవ్ లాంటిది) స్టేషను అమ్మకానికొచ్చింది. ధర అక్కడ ఓ మోస్తరు ఇంటి ధరకు కాస్త అటూ ఇటూగా ఉంది. నలుగురు స్నేహితులు సమాన వాటాలు వేసుకుని కొని, తెలుగు, హిందీ కార్యక్రమాలు పెట్టి నడపాలనుకుంటున్నారు. ఇద్దరు సిటిజన్లు, ఇద్దరివి గ్రీన్ కార్డులు. గిట్టుబాటవుతుందా అని అడిగారు.

ఆ ధరకు అది ఎందుకు వస్తోందో తేలేదాకా పైసా అడ్వాన్సు ఇవ్వకండి. ఇండియానాలో చిన్న ఊళ్ల స్టేషన్లకు చాలాకాలం లెక్కలు చూసినవాణ్ని. ఇప్పుడు అక్కడే ఒక కౌంటీ టౌనులో ఒక ఎఫ్ఎం, ఒక ఏఎం నడుపుతున్న కంపెనీలో నాకూ చిన్న వాటా ఉంది. మనవాళ్లు ఈ రంగంలోకి రావాలని నాకు గట్టిగా ఉంది. కాబట్టే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు వాటాల సంగతి. మీరు అనుకుంటున్న పద్ధతిలో మీకు లైసెన్సు రాదు. 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం 310వ సెక్షను ప్రకారం గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా విదేశీయుల కిందే లెక్క. లైసెన్సున్న కంపెనీలో విదేశీయుల నేరు వాటా 20 శాతం దాటకూడదు. దాని మీద ఇంకో కంపెనీ పెట్టి దాని ద్వారా వస్తే 25 శాతం. అంతకు మించితే ఎఫ్‌సీసీ (రేడియో లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి. ఇవ్వరని కాదు. 2017లో ఒక ఆస్ట్రేలియా దంపతులకు అలాస్కా, అర్కాన్సా, టెక్సస్‌లలోని స్టేషన్లను నూటికి నూరు శాతం సొంతం చేసుకోవడానికి అనుమతిచ్చారు. అలా ఇవ్వడం అదే మొదలు. కానీ మీరు చెప్పిన ధర స్టేషనుకి ఆ లాయరు ఖర్చు పెట్టుకుంటే అసలుకే ఎసరొస్తుంది. గ్రీన్ కార్డు మిత్రులు సిటిజన్‌షిప్ వచ్చేదాకా చెరో పది శాతంతో ఉండటం సులువైన దారి. మాట మీద వదిలేయకుండా, ఆ తర్వాత వాటా ఎలా పెంచుకుంటారో ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి.

ఇక ధర. అమెరికా రేడియోలో ఇంత చవక ఎలా వచ్చిందో తెలియాలంటే 1996కి వెళ్లాలి. అప్పటిదాకా ఒక కంపెనీ దేశం మొత్తమ్మీద 20 ఏఎంలు, 20 ఎఫ్ఎంలకు మించి ఉంచుకోకూడదు. ఆ ఏడు వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం దేశవ్యాప్త పరిమితిని పూర్తిగా ఎత్తేసింది. ఒక్కో ఊరి మార్కెట్లో మాత్రం హద్దులు ఉంచింది. 45, అంతకన్నా ఎక్కువ స్టేషన్లున్న మార్కెట్లో ఒకరికి 8, అందులో ఏఎం అయినా ఎఫ్ఎం అయినా ఒక రకంలో 5కి మించకూడదు. 14, అంతకన్నా తక్కువ స్టేషన్లున్న చోట 5, ఒక రకంలో 3. ఇంకేముంది, కొనుగోళ్లు మొదలయ్యాయి. క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీయే 1,200కు పైగా స్టేషన్లకు ఎదిగింది.

కొన్నదంతా అప్పు మీదే. 2008లో బెయిన్ క్యాపిటల్, థామస్ హెచ్. లీ అనే రెండు పెట్టుబడి సంస్థలు క్లియర్ ఛానల్‌ను కొన్నాయి. ఆ కొనుగోలు అప్పు కూడా కంపెనీ నెత్తినే పడింది. తర్వాత ఐహార్ట్‌మీడియా అని పేరు మార్చుకున్న ఆ కంపెనీ 2018 మార్చిలో దివాలా కోర్టుకెక్కేనాటికి బాకీ 2,000 కోట్ల డాలర్లు దాటింది. దానికి కొద్ది నెలల ముందే, 2017 నవంబరులో, క్యుములస్ అనే ఇంకో పెద్ద రేడియో కంపెనీ కూడా దివాలా కోర్టు మెట్లెక్కింది. సీబీఎస్ రేడియోను కలుపుకుని పెద్దదైన ఆడసీ 2024 జనవరిలో వెళ్లి, సుమారు 190 కోట్ల డాలర్ల అప్పును 35 కోట్లకు దించుకుని బయటపడింది. వీటిలో ఏదీ జనం రేడియో వినడం మానేసినందువల్లే పడిపోలేదు. ప్రకటనలు ఫోన్లకూ ఇంటర్నెట్‌కూ తరలిపోతుంటే ఆదాయం ఏటికేడు తగ్గింది. వడ్డీ మాత్రం తగ్గలేదు. అదే కాలంలో సాగా కమ్యూనికేషన్స్ అనే కంపెనీ చిన్నా చితకా ఊళ్లలో స్టేషన్లు పెట్టుకుని, అప్పు దాదాపు లేకుండా నెట్టుకొచ్చింది.

అప్పులవాళ్లు అమ్మకానికి పెట్టడంతో ధరలు కూలాయి. 2019లో క్యుములస్ న్యూయార్క్‌లోని డబ్ల్యూపీఎల్‌జే, వాషింగ్టన్, అట్లాంటా స్టేషన్లతో సహా ఆరు ఎఫ్ఎంలను కలిపి 10.35 కోట్ల డాలర్లకు ఒక క్రైస్తవ సంగీత సంస్థకు ఇచ్చేసింది. న్యూయార్క్‌లో పేరున్న ఎఫ్ఎం ఒక్కదానికే అంతకన్నా ఎక్కువ పలికిన కాలం నేను చూశాను. 2022లో టెలివీసాయూనివిజన్ 10 మార్కెట్లలోని 18 స్పానిష్ స్టేషన్లను 6 కోట్లకు అమ్మింది. పెద్ద నగరాల స్టేషన్లకే సగటు అంత పలికితే, శివారు ఏఎం ధర చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. కారు చవక అనిపించేది నిజానికి మార్కెట్ ధరే.

పైగా డాలస్‌లో మీరు పోటీ పడేది ఒక్కో స్టేషనుతో కాదు, గుంపుతో. ఐదారు స్టేషన్లున్న కంపెనీ సేల్స్ మనిషి ఒక కార్ల డీలరు దగ్గరికెళ్లి, ఎఫ్ఎంలో స్పాట్లు (ప్రకటనలు) కొంటే ఏఎంలో ఊరికే వేస్తానంటాడు. ఒంటరి ఏఎం వాడు అమ్ముకునే సరుకు పక్కవాడు ఉచితంగా పంచుతున్నాడన్నమాట. బ్రోకర్లు ఇచ్చే పుస్తకంలో ఇది రాయరు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది: నేల. ఏఎంలో టవరే యాంటెన్నా. దాని చుట్టూ భూమిలో చక్రం ఆకుల్లా రాగి తీగలు పాతి ఉంటాయి, మామూలుగా ఒక్కో టవరుకు 120. టవర్లు మూడు నాలుగు ఉంటే ఎకరాలకు ఎకరాలు కావాలి. ఆ నేల ఒకప్పుడు పొలం, ఇప్పుడు ఊరు పెరిగి ప్లాట్ల ధర పలుకుతోంది. వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో డబ్ల్యూఎంఏఎల్ టవర్లున్న 75 ఎకరాలను క్యుములస్ 2020లో ఇళ్లు కట్టే సంస్థకు 7.4 కోట్ల డాలర్లకు అమ్మేసింది. స్టేషనంతటినీ అమ్మినా అంత రాదు. అందుకని అడగండి: మీకిచ్చే ధరలో నేల ఉందా? ఉత్తర డాలస్ శివార్లలో నేల ధర మీకు నేను చెప్పాలా. అంత తక్కువకు ఇస్తున్నారంటే నేల లేదనే నా అనుమానం.

మా భాగస్వాములూ నేనూ ఇంతకు ముందు ఒక ఏఎం చూడ్డానికి వెళ్లాం. మొక్కజొన్న చేను మధ్యలో మూడు టవర్లు, రేకుల షెడ్డులో ట్రాన్స్‌మిటర్. అన్నీ చక్కగా ఉన్నాయి. మా ఇంజనీరు బూటుతో మట్టి గీరి చూశాడు. రెండో టవరు పక్కన తీగలు తెగి ఉన్నాయి, నాగలి తగిలో దొంగలు లాగో. లీజు కాగితం చదివితే నేల అమ్మేవాళ్ల కుటుంబంలో ఇంకొకరి పేరున ఉంది, ఏడాది నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చని రాసుంది. టవర్లు లేచిపోతే లైసెన్సు ఉన్నా పలికేది లేదు. మేం కాఫీ తాగి, దణ్ణం పెట్టి వచ్చేశాం.

బ్రోకరు మీకు కవరేజి మ్యాపు చూపించే ఉంటాడు. అది పగటి మ్యాపు. రాత్రి ఏఎం తరంగాలు ఆకాశంలో తగిలి దూరాలకు పోతాయి కాబట్టి, వేరే ఊళ్ల స్టేషన్ల మీద పడకుండా చాలా ఏఎంలు సూర్యాస్తమయానికి పవరు తగ్గించాలి, లేదా ఒక దిక్కుకే తిప్పాలి, కొన్నయితే ఆపేయాలి. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో మనవాళ్లు ఆఫీసు నుంచి కారెక్కేది ఏ వేళకి? డిసెంబరులో అయితే అప్పటికి చీకటి పడుతుంది. రాత్రి మ్యాపు తెప్పించుకుని, ఆ వేళకు కారులో మీరే తిరిగి వినండి. ఎలక్ట్రిక్ కార్ల మోటార్ల రొద వల్ల కొన్ని కంపెనీలు ఏఎం రేడియోనే తీసేశాయన్నది కూడా లెక్కలో పెట్టుకోండి. మనవాళ్లలో టెస్లాలు తక్కువేం కాదు.

ఏఎంతో పాటు ఎఫ్ఎం ట్రాన్స్‌లేటర్ కూడా ఉందంటారా, అప్పుడు ఆ ధరలో ఎక్కువ భాగం దానిదే. గరిష్ఠంగా 250 వాట్లతో ఏఎం కార్యక్రమాన్నే ఎఫ్ఎంలో మళ్లీ వినిపించే చిన్న ట్రాన్స్‌మిటర్ అది. జనం నిజంగా వినేది దాన్నే. కానీ ఏఎం లేనిదే దానికి బతుకు లేదు. 2024లో అలబామాలోని జాస్పర్ అనే ఊళ్లో డబ్ల్యూజేఎల్ఎక్స్ ఏఎం వాళ్లు తమ 200 అడుగుల టవరును ఎవరో ఎత్తుకుపోయారని ప్రకటించారు. ఎఫ్ఎం ట్రాన్స్‌లేటరైనా నడుపుకుంటామంటే ఎఫ్‌సీసీ ఒప్పుకోలేదు.

మరి మా ఊళ్లో ఎలా నడుస్తోంది అని అడుగుతారు. శుక్రవారం రాత్రి హైస్కూలు బాస్కెట్‌బాల్‌తో. ఇండియానాలో అది ఆట కాదు, జాతర. మ్యాచి మొదలయ్యే ముందు ఎరువుల కొట్టు పేరు, హాఫ్ టైములో బ్యాంకు పేరు, అయ్యాక పిజ్జా కొట్టు పేరు. ఏడాదికి ఒకసారి సంతకం పెట్టి ఇచ్చేస్తారు, వాళ్ల పిల్లలు ఆడుతుంటారు కాబట్టి. పొద్దున్నే ఊళ్లో ఎవరు పోయారో, అంత్యక్రియలు ఎక్కడో చదువుతాం. తర్వాత మొక్కజొన్న, సోయా ధరలు. తర్వాత ఫోన్లు తీసుకుంటాం: పాత ట్రాక్టర్ టైర్లున్నాయి, కుక్కపిల్లలున్నాయి, పాత ఫ్రిజ్ కావాలి. ఈ కార్యక్రమం ఒక్క రోజు ఆగితే ఆఫీసుకొచ్చి అడుగుతారు. ఎన్నికల ఏడాది వస్తే రాజకీయ ప్రకటనల డబ్బు అదనం. దీన్నంతా మోస్తున్నది మా సేల్స్ ఆవిడ. ఊళ్లో ప్రతి కొట్టు యజమానికీ ఆవిడ చిన్నప్పటి నుంచి తెలుసు. ఆవిడ మానేస్తే టవరు కూలినంత పని. మేం కొన్నప్పుడు లాయరు కాగితాల కన్నా ముందు ఆవిడ ఉంటుందో లేదో కనుక్కున్నాం.

మీకు డాలస్‌లో అలాంటి బలం ఒకటుంది, అది మన జనమే. రియల్టర్లు, కిరాణా కొట్లు, రెస్టారెంట్లు, ఇమ్మిగ్రేషన్ లాయర్లు, సినిమా ఈవెంట్లవాళ్లు. వీళ్లు రేటింగులు చూసి యాడ్ ఇవ్వరు, మీ ముఖం చూసి ఇస్తారు. అయితే దానికి స్టేషను కొననక్కర్లేదు. గంటలు అద్దెకు తీసుకోండి. అమెరికాలో వలస భాషల రేడియోలో చాలా భాగం నడిచేది అలాగే, లైసెన్సు ఒకరిది, మైకు ఇంకొకరిది. అద్దెకు తీసుకోవడానికి గ్రీన్ కార్డు అడ్డు కాదు. విదేశీ ప్రభుత్వం తరఫున ఈ సమయం కొనడం లేదని ఒక ధ్రువీకరణ అడుగుతారు, అంతే. పాటల హక్కుల సంగతి లీజులోనే తేల్చుకోండి. గాలిలో వేస్తే ఇక్కడి చట్టం ప్రకారం రచయితలకూ స్వరకర్తలకూ చెల్లిస్తే సరిపోతుంది, ఆన్‌లైన్లో కూడా వినిపిస్తే రికార్డింగు హక్కులకు వేరే లెక్క.

ఓ ఏడాది అలా నడిపి, బిల్లులు ఎన్ని రాశారని కాకుండా చేతికెంత వచ్చిందో చూడండి. మనవాళ్లు యాడ్ వేయించుకోవడంలో ఉత్సాహవంతులు, చెక్కు రాయడంలో నిదానస్తులు. గంటల అద్దె, యాంకర్ల ఖర్చు పోను మిగిలిందంటే అప్పుడు కొనుగోలు గురించి మాట్లాడుకోవచ్చు, అది కూడా అప్పు లేకుండా. బ్యాంకు మీకు పెద్దగా ఇవ్వదు కూడా, ఎందుకంటే లైసెన్సును తాకట్టు పెట్టుకోవడానికి ఎఫ్‌సీసీ ఒప్పుకోదు.

అప్పటికీ ఈ స్టేషనే కావాలనిపిస్తే, లాభనష్టాల పట్టీ కాకుండా మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడగండి. రేడియోలో యాడ్‌కు బదులు హోటల్ కూపన్లో టైర్లో తీసుకోవడం మామూలు, వాటినీ ఆదాయం కింద రాస్తారు. నేను చూసిన ఒక పద్దులో ఆదాయంలో పెద్ద ముక్క అదే. ఆ కూపన్లతో కరెంటు బిల్లు కట్టలేం కదా. కంపెనీని కాకుండా ఆస్తులను మాత్రమే కొనండి, పాత బాకీలు మీ మెడకు చుట్టుకోవు. ఎఫ్‌సీసీకి దరఖాస్తు పెట్టాక ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవడానికి 30 రోజులు ఉంటుంది, ఎఫ్‌సీసీ అనుమతి రాకముందే మీరు అధికారం చెలాయించడం మొదలుపెడితే తప్పవుతుంది.

ప్రతి స్టేషను పబ్లిక్ ఫైలూ ఎఫ్‌సీసీ సైట్లో ఎవరైనా చూడొచ్చు. మూడు నెలలకోసారి పెట్టాల్సిన కార్యక్రమాల జాబితాలు అందులో ఎగ్గొట్టి ఉంటే, కొనేముందే అమ్మేవాళ్లను నిలదీయండి. 2029 ఆగస్టులో గడువు ముగిసే టెక్సస్ లైసెన్సులను రెన్యువల్‌కు పెట్టినప్పుడు అలాంటి లోపాలకు జరిమానా పడవచ్చు. మీ స్టేషను కాల్ సైన్ (దాని అక్షరాల పేరు) కింద కామెంట్లో రాస్తే ఆ ఫైలూ, రాత్రి పవరూ, టవర్ల నేల ఎవరి పేరున ఉందో కూడా చూసి చెబుతాను.