హిమాచల్‌లోని స్పితి లోయలో బౌద్ధారామాలు చూడాలంటే గైడెడ్ టూర్ మంచిదా, సొంతంగా వెళ్ళడం మంచిదా?

ఒక్క ముక్కలో చెప్పాలంటే గైడ్ ఉండాలి. కానీ మీతోపాటు ఢిల్లీలో బండెక్కే గైడ్ మాత్రం వద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి నాకేం అనుభవం ఉందయ్యా అంటే, ఒక్కటే ప్రయాణం. నాలుగేళ్ళ కిందట, తొమ్మిది రోజులు. అయినా చెప్తాను. రెండుసార్లు వెళ్ళొచ్చినవాళ్ళు సరిదిద్దండి, ఒక్కసారీ వెళ్ళనివాళ్ళు వినండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా ఊరు అమరావతికి పదిహేను కిలోమీటర్లు. అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు అంటున్నారు. "ఆచార్య నాగార్జునుడు ప్రతిపాదించినది ______ వాదము" అన్న ఖాళీని ముప్పై ఏళ్ళు దిద్దాను. శూన్యవాదం అని రాయాల్సిన చోట ఏమీ రాయకుండా వదిలేసిన పిల్లాడికి కూడా మార్కు వెయ్యాలేమో అని స్టాఫ్ రూంలో నవ్వుకునేవాళ్ళం. బౌద్ధంతో నాకున్న పరిచయం అంతే. రిటైరయ్యాక మావారిని ఒప్పించి, మా చెల్లెలినీ మరిదినీ కూడా లాక్కుని, ఒక టూర్ వాళ్ళకి డబ్బు కట్టాం. పద్నాలుగు మందిమి, ఒక టెంపో ట్రావెలర్, సెప్టెంబరు నెల.

దారి సంగతి ముందు చెప్పేస్తాను, ఇది పనికొచ్చే ముక్క. సిమ్లా వైపు నుంచి ఎక్కి, మనాలి వైపు దిగండి. సిమ్లా, కల్పా, నాకో అంటూ రోజుకో మెట్టు ఎక్కుతారు కాబట్టి ఒళ్ళు అలవాటు పడుతుంది. మనాలి నుంచి వెళ్తే మొదటి రోజే కుంజుం కనుమ నెత్తిన పడుతుంది, అది దాదాపు 15,000 అడుగులు. పైగా చలికాలమంతా మంచుతో మూసుకుపోతుంది. ఎత్తు పడకుండా ఉండటానికి వేసుకునే డయామాక్స్ మాత్రల విషయం మీ డాక్టర్నే అడగండి, వాట్సాప్‌ని కాదు. అన్నం గురించి గొడవ పెట్టుకోకండి. ఆ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీలు కూడా రాకముందే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే మెతుకు ఉడకదు. మా బండిలో ఒకాయన మూడో రోజు నుంచీ "తెల్లన్నం లేదా" అనే ప్రశ్న తప్ప ఇంకేమీ అడగలేదు. వేడి వేడి తుక్పా (నూడుల్స్ సూపు) ఎదురుగా పెట్టుకుని ఆ మాట అనడానికి మనసెలా వచ్చిందో. ఇంకొకావిడకి ప్రతి గోంపా (బౌద్ధారామాన్ని అక్కడ అలాగే అంటారు) దగ్గరా కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలో కావాలి. స్పితిలో పెద్ద ఊరి పేరు కాజా అనగానే మా మరిది, "ఇక్కడా టోల్‌గేటుందా?" అన్నాడు. విజయవాడ, గుంటూరు మధ్య తిరిగేవాళ్ళకి ఆ బాధ తెలుసు.

ఇక మా టూర్ లీడర్. కుర్రాడు మంచివాడే, సామాన్లు మోశాడు, మా చెల్లెలికి తలనొప్పి వస్తే రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నాడు. కానీ అతనికి ఏ గోంపా గురించైనా చెప్పడానికి ఒకటే పాట: "వెయ్యేళ్ళ నాటిది, చాలా పవిత్రమైనది, పదిహేను నిమిషాలు." కీ గోంపాలో ఒక రకం, కోమిక్‌లో ఇంకో రకం కనిపిస్తున్నాయేమిటి బాబూ అని అడిగితే, "అన్నీ ఒకటే మేడమ్" అన్నాడు. కీ వాళ్ళు గెలుగ్ సంప్రదాయం, కోమిక్ వాళ్ళు శాక్య, పిన్ లోయలో వాళ్ళు ఞింగ్మా. అడ్డనామాలకీ నిలువునామాలకీ తేడా లేదంటే మన ఊళ్ళో ఊరుకుంటారా? హిక్కింలో "ప్రపంచంలోకెల్లా ఎత్తైన పోస్టాఫీసు" దగ్గర కార్డులు రాసుకోవడానికి గంటన్నర ఇచ్చి, పైనున్న కోమిక్ గోంపాకి పది నిమిషాలు ఇచ్చాడు. గ్యూ ఊళ్ళో 500 ఏళ్ళ నాటి భిక్షువు దేహం ఉంది. 1975 భూకంపానికి సమాధి బయటపడిందట. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంటాడు, పళ్ళు కనిపిస్తాయి, తల మీద వెంట్రుకలు కూడా ఉన్నాయి. ఆయన ముందు నిలబడి వరసగా సెల్ఫీలు. నేనేమీ అనలేదు. అనాల్సింది.

ఇదంతా పక్కన పెట్టండి. నేను చెప్పాలనుకున్నది టాబో సంగతి.

టాబో బయట నుంచి చూస్తే ఏమీ ఉండదు. కీ గోంపాలాగా కొండ మీద దొంతరలు దొంతరలుగా ఫోటోకి నిలబడదు. చదునైన నేల, మట్టిగోడలు, మట్టి కప్పులు. మా చిన్నప్పటి గాదెలు గుర్తొచ్చాయి. 996లో పశ్చిమ టిబెట్లోని గూగే రాజ్యపు రాజు యేషే ఓ కట్టించాడు, సంస్కృత గ్రంథాలని టిబెటన్‌లోకి తెచ్చిన రిన్‌చెన్ జంగ్‌పో పేరు కూడా దానితో ముడిపడి ఉంది. తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే కటిక చీకటి. లైట్లు లేవు, ఫోటోలు తీయనివ్వరు. కాసేపటికి కళ్ళు అలవాటు పడతాయి. అప్పుడు గోడల్లోంచి మనుషులు బయటికి వస్తున్నట్టు కనిపిస్తారు. మట్టితో చేసి రంగులద్దిన 30కి పైగా మూర్తులు, నాలుగు గోడల మీదా మన తలకన్నా ఎత్తున, గాల్లో కూర్చున్నట్టు. మధ్యలో వైరోచన బుద్ధుడు, నాలుగు దిక్కులకీ నాలుగు మూర్తులు.

మా వాళ్ళలో ఎవరిదో ఫోన్ ఫ్లాష్ వెలిగింది. ఒక లామా గారు, అరవై దాటి ఉంటాయి, వచ్చి ఫోన్‌కి అడ్డంగా అరచెయ్యి పెట్టి ఊరికే నిలబడ్డారు. కోపం లేదు, మాట లేదు. మాకే సిగ్గేసింది. నేను నా స్కూలు హిందీలో క్షమాపణ చెప్పాను. ఎక్కణ్ణుంచి అన్నారు. ఆంధ్రా అన్నాను, తల ఊపారు. గుంటూరు అన్నాను, అదీ తెలియలేదు. అమరావతి అన్నాను.

"ధాన్యకటక!" అన్నారాయన, నా భుజం పట్టుకున్నంత పని చేసి. అమరావతి పాత పేరు అది. తర్వాత తెలుగులో, అచ్చంగా తెలుగులో, ఒక మాట అన్నారు: "జరగండి, జరగండి!"

మావారూ నేనూ నోళ్ళు తెరిచి చూస్తున్నాం. విషయం ఏమిటంటే 2006 జనవరిలో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్షోత్సవం చేశారు గదా, అప్పుడు ఈయన వచ్చారు. కాలచక్రాన్ని బుద్ధుడు మొట్టమొదట ధాన్యకటకంలోనే చెప్పాడని వాళ్ళ నమ్మకం. స్తూపం చుట్టూ ఆ జనంలో పోలీసులూ వాలంటీర్లూ పొద్దస్తమానం అరిచిన మాట అది. అదేదో మంత్రమేమో అనుకున్నానని చెప్పి ఆయనే నవ్వారు. కృష్ణ ఒడ్డు, ఎండ (జనవరిలో ఎండట!), అరటిపళ్ళు అన్నీ గుర్తున్నాయి ఆయనకి. ఆ రోజుల్లో మేం కూడా ఒక పూట వెళ్ళాం. ఎందుకు వెళ్ళామో ఆయనకి చెప్పలేదు గానీ మీకు చెప్తాను, టిబెటన్ల దుకాణాల్లో స్వెట్టర్లు చవగ్గా వస్తాయని. సోషల్ టీచర్ని.

ఆయన అన్నారు, లాసాలో ఉన్న ద్రేపుంగ్ మఠం తెలుసా అని. పుస్తకాల్లో చదివాను, 1416లో కట్టింది. "ద్రేపుంగ్ అంటే ధాన్యపు రాశి. మీ ఊరి పేరే పెట్టుకున్నాం." నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన ఊరి పేరుతో టిబెట్లో అంత పెద్ద మఠం ఉందని నాకు ఆ చీకటి గదిలో తెలిసింది. ఈలోగా బయట మా లీడర్ "ఫైవ్ మినిట్స్" అని అరుస్తున్నాడు. లామా గారు, రేపు పొద్దున్నే రండి, టార్చిలైటు తెచ్చుకోండి, మీ ఊరి అబ్బాయిని చూపిస్తాను అన్నారు.

మర్నాడు పొద్దున బండి ధన్‌కర్‌కి. ధన్‌కర్ అంటే ఒకప్పుడు స్పితి రాజధాని, కొండ అంచున ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతుందన్నట్టు వేలాడే గోంపా. దాన్ని వదిలేసి టాబోలో ఆగిపోతామంటే మావారు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. ఆగాం. చెల్లెలూ మరిదీ వెళ్ళారు, ఫోటోలు చూపించారు, ఇప్పటికీ చూపిస్తుంటారు.

ఆ పొద్దున రెండు గంటలు ఒకే గోడ చూశాం. మట్టి మూర్తుల కింద పట్టీలా సాగే బొమ్మలు, మధ్యమధ్య టిబెటన్ అక్షరాలు. అది సుధనుడి కథ. గండవ్యూహ సూత్రం అనే మహాయాన గ్రంథంలోది. సుధనుడు ధన్యాకరం అనే ఊళ్ళో ఒక శ్రేష్ఠి కొడుకు, అంటే మన భాషలో శెట్టిగారబ్బాయి. మంజుశ్రీ అనే బోధిసత్త్వుడి మాట విని జ్ఞానం వెతుక్కుంటూ బయల్దేరి, ఊరూరా తిరిగి యాభైమందికి పైగా గురువుల్ని కలుస్తాడు. ధన్యాకరం అంటే మన ధాన్యకటకమే అని కొందరు పండితులు అంటారు, మిగతావాళ్ళు ఏమంటారో నేను పట్టించుకోదలుచుకోలేదు. ఆ పిల్లాడు మా వాడే. దీపాలదిన్నె, అంటే మా అమరావతి స్తూపం దిబ్బ, దాని నీడన పెరిగినవాడు. ఆ దిన్నెని 1790ల్లో ఇళ్ళకి రాళ్ళూ ఇటుకలూ కావాలని తవ్వేసి, శిల్పాల్ని కొన్ని మద్రాసుకీ కొన్ని లండన్‌కీ పోనిచ్చాం. అక్కడేమో 10,000 అడుగుల పైన, మంచులో, మట్టిగోడ మీద వెయ్యేళ్ళుగా మా శెట్టిగారబ్బాయిని ఎండ తగలకుండా దాచుకున్నారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, కానీ అది మీరడిగిన ప్రశ్న కాదు.

మీ ప్రశ్నకి సంబంధించింది ఇది. లామా గారు టార్చి వెలుగుని గోడకి నేరుగా కాకుండా పక్కగా పట్టుకోమన్నారు. వేలితో గోడని తాకకుండా, జానెడు దూరం నుంచి ఒక్కో బొమ్మా చూపిస్తూ చెప్పారు. ఈ గురువుల్లో భిక్షువులున్నారు, రాజులున్నారు, ఓడ నడిపేవాడున్నాడు, అత్తరులమ్మేవాడున్నాడు, వేశ్య ఉంది, చిన్నపిల్లలున్నారు. ప్రతి ఒక్కరూ తమకి తెలిసిన ఒక్క విషయం నేర్పి, చివర్లో ఇంచుమించు ఒకే మాట అంటారట: "నాకు తెలిసింది ఇంతే నాయనా. మిగతాది నాకు తెలియదు. ఇక్కణ్ణుంచి దక్షిణంగా వెళ్ళు, ఫలానా వాళ్ళున్నారు, వాళ్ళని అడుగు." చాలామంది దక్షిణంగానే పొమ్మంటారట.

కాస్త ముందుకి జరిగాక ఒక బొమ్మ. మేడలాంటి దాంట్లో కూర్చున్న ఒకావిడ, ఎదురుగా చేతులు జోడించి మన అబ్బాయి. ఆవిడ చీరకట్టు, చీరే అంటాను నేను, చిన్న చిన్న గళ్ళతో ఇప్పుడే మగ్గం మీంచి తీసినట్టుంది. ఈవిడెవరండీ అని అడిగాను. లామా గారు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకి ఎత్తి, కింద అక్షరాలు చదవబోయారు. చెరిగిపోయి ఉన్నాయి. వెనక్కి వచ్చి, "మాలూం నహీ" అన్నారు. "నాకు తెలిసింది ఇంతే. మాకు చదువు చెప్పిన ఒక పెద్దాయన ఉన్నారు, ఆయనకి ఈ గోడ కంఠతా వచ్చు. ఆయన్ని అడగండి."

నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ వైపు చూసి, మా వైపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. మావారికి మాత్రం కాజా వెళ్ళే దారిలో విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

అదండీ నేను గైడ్ అనేది. తొమ్మిది రోజుల్లో మా లీడర్ నోట "తెలియదు" అన్న మాట ఒక్కసారి రాలేదు. అడిగిన ప్రతిదానికీ జవాబుంది, సగం తప్పు. టిబెట్లో బౌద్ధం నాటిన గురువు పద్మసంభవుడే టాబో కట్టించాడని కూడా చెప్పాడు. పద్మసంభవుడు అంతకి రెండు వందల ఏళ్ళ ముందటివాడు! కాబట్టి మీరు బండీ బసా కోసం టూర్ వాళ్ళని పెట్టుకోండి, తప్పులేదు, ఆ రోడ్ల మీద సొంత కారు నడపడం మా వయసు వాళ్ళ పని కాదు. కానీ ముందే బేరమాడుకుని ఒకటి రెండు రోజులు వాళ్ళ లిస్టులోంచి మీ చేతికి తీసుకోండి. ఆ రోజుల్లో ఒకే గోంపాలో కూర్చోండి. పొద్దున ప్రార్థనకి వెళ్ళండి, ఎవరైనా పెద్ద లామా కనిపిస్తే నమస్కారం పెట్టి మీ ఊరి పేరు చెప్పండి. టార్చి మర్చిపోవద్దు. ధన్‌కర్ పోతే పోయిందనుకోండి. నేనైతే అనుకోలేకపోతున్నాను, అది వేరే సంగతి.

మేం కాజాకి వేరే టాక్సీ మాట్లాడుకుని 47 కిలోమీటర్లు వెళ్ళాం. ఆ డబ్బు గురించి మావారు ఇప్పటికీ, ఇంట్లో ఏ ఖర్చు మాటొచ్చినా, "టాబో టాక్సీ" అని ఎత్తుతారు.

ఆ పెద్దాయన ఎక్కడుంటారని వచ్చేముందు అడిగాను. కాజాలోనో కీ గోంపాలోనో ఉంటారనుకున్నాను. లామా గారు దక్షిణం వైపు చెయ్యి చూపించారు. ఆయన ద్రేపుంగ్ మఠంలో ఉన్నారట, లాసాలో కాదు, టిబెట్ నుంచి వచ్చినవాళ్ళు కర్ణాటకలో ముండ్‌గోడ్ దగ్గర మళ్ళీ నెలకొల్పుకున్న మఠంలో. హుబ్లీలో దిగి వెళ్ళాలి. గుంటూరు నుంచి హుబ్లీకి నేరుగా రైలుంది, దాని పేరు అమరావతి ఎక్స్‌ప్రెస్. టాక్సీ సంగతి కాస్త చల్లబడ్డాక టికెట్లు తీద్దామని చూస్తున్నాను.