నేరేడు రంగు సంగతి తరువాత, ముందు మీ నాన్నగారి కాలు చూపించండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గరి పల్లె. మా నాన్నగారికి 62 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగరు ఉంది. రెండు నెలలుగా రోజూ నేరేడు రసం తాగుతూ, మెట్‌ఫార్మిన్ మాత్రలు సగానికి తగ్గించేశారు. మూడు వారాలుగా బొటనవేలి కింద చిన్న పుండు ఉంది కానీ నొప్పి లేదు. పండులోని ఊదారంగు పదార్థం రక్తంలో చేరుతోందో లేదో మాస్ స్పెక్ట్రోమెట్రీతో, అంటే అణువులను వాటి భారాన్నిబట్టి గుర్తించే పద్ధతితో, కొలవవచ్చని చదివాను. ఆ పరీక్ష ఎక్కడ చేయించాలి?

జవాబు: మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ పుండే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. షుగరు ఉన్నవారి పాదం మీద పుండు నొప్పి పెట్టడం లేదంటే ఊరట పొందవలసిన పని లేదు. నరాలలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. చూడకుండా నిర్ధారించలేను గానీ, మూడు వారాలు ఆగడమే ఎక్కువ. రేపే పర్లాకిమిడిలో చూపించండి, అక్కడివారు పంపితే శ్రీకాకుళమో బరంపురమో ఆలస్యం చేయకుండా వెళ్లండి. ఎరుపు, వాపు, దుర్వాసన, జ్వరం ఏది కనిపించినా రేపటిదాకా కూడా ఆగవద్దు.

ఇక మీ ప్రశ్న. నేరేడుకు ఆ రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. ఆమ్లం కలిపిన ద్రావణంలోకి వాటిని దించి, కలిసి ఉన్న పదార్థాలను వేరుచేసే ద్రవ క్రోమటోగ్రఫీతో విడదీసి, అణుభారాన్నిబట్టి గుర్తించడం పండు విషయంలో కష్టమేమీ కాదు. రక్తంలో మాత్రం అవి అత్యల్పంగా, కొద్ది గంటలే కనిపిస్తాయి. చాలా భాగం పేగుల్లోని సూక్ష్మజీవుల చేతిలో, కాలేయంలో వేరే ఆమ్లాలుగా మారిపోతుంది. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో జాడ పట్టడానికి వీలుగా కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్ రకం) గుర్తు వేసిన ఇటువంటి వర్ణకాన్ని 500 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, ఆ గుర్తులో సుమారు 12 శాతం మాత్రమే మూత్రంలోను, ఊపిరిలోను కలిపి తేలింది. పైగా, ఇంత ఉంటే షుగరు అదుపులో ఉన్నట్లు అని చెప్పే ప్రామాణిక హద్దు ఏదీ లేదు కనుక, ఎక్కడో పరిశోధనశాలలో ఆ అంకె తెప్పించుకున్నా దానితో వైద్యుడు చేయగలిగింది ఉండదు. మీకు కావలసినది గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష.

మాత్రలు ఎవరినీ అడగకుండా సగం చేయడం మాత్రం నాకు నచ్చలేదు. నా దగ్గరకు వచ్చేవారిలోనూ ఈ అలవాటు చూస్తుంటాను: మందు మానిన సంగతి చివరగా, అదీ అడిగితేనే చెబుతారు. మళ్లీ ఎంత మోతాదు వేయాలన్నది మూత్రపిండాల పరీక్ష చూసి మీ వైద్యుడే నిర్ణయించాలి. రసం రోజూ ఎంత తాగుతున్నారో, అందులో పంచదార కలుపుతున్నారో లేదో కూడా ఆయనకు దాచకుండా చెప్పండి.