వీపీఎన్‌లో రిమోట్ డెస్క్‌టాప్ మాటిమాటికీ తెగిపోతుంటే

ఇంట్లో నెట్ బాగానే ఉంది, వీడియో కాల్స్ సాఫీగా నడుస్తున్నాయి, వీపీఎన్‌లో (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారిలో) ఆఫీసు పీసీకి పెట్టుకున్న రిమోట్ డెస్క్‌టాప్ ఒక్కటే బిగుసుకుపోయి తెగిపోతోంది, రూటర్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఎందుకు తెగిందో ఆఫీసు పీసీలోనే రాసి ఉంటుంది.

అందులో ఈవెంట్ వ్యూయర్ (విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే చోటు) తెరిచి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్ దాటి వెళ్తే టెర్మినల్‌సర్వీసెస్-లోకల్‌సెషన్‌మేనేజర్ దొరుకుతుంది. దాని ఆపరేషనల్ లాగ్‌లో 40వ నంబరు ఈవెంట్ చూడండి, చివర రీజన్ కోడ్ ఉంటుంది. 5 అయితే అదే సెషన్‌లోకి ఇంకోచోటి నుంచి ఎవరో కనెక్ట్ అయ్యారు. 3 అయితే ఐడిల్ టైమవుట్, అంటే పనిలేకుండా గడువు దాటిందని సెషన్‌ని తెంచేయడం, ఆ గడువు అడ్మిన్ మార్చాల్సిందే. 0 అంటే విండోస్‌కీ కారణం తెలియలేదని. లైను మధ్యలో పోయినప్పుడు నాకు ఎక్కువగా కనబడేది ఇదే.

మా టీమ్‌లో ఒకమ్మాయికి అచ్చం మీలాగే అయ్యేది. ఎక్సెల్‌లో కొడుతుంటే అంకెలు పడవు, అవతలి గడియారం కదలదు, కాసేపటికి స్క్రీన్ మసకబారి, 20 ప్రయత్నాల్లో మొదటిది అంటూ రీకనెక్ట్ మెసేజ్ వస్తుంది. పక్కనే పింగ్ (చిన్న ప్యాకెట్లు పంపి జవాబు వస్తోందా అని చూసే పరీక్ష) నడిపిస్తే ఒక్కటీ పోలేదు. అసలు సంగతి యూడీపీ. టీసీపీ, యూడీపీ రెండూ నెట్‌లో డేటా పంపే పద్ధతులు, టీసీపీ ప్రతి ప్యాకెట్ చేరిందో లేదో చూసుకుంటుంది, యూడీపీ చూసుకోదు. రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టులో టీసీపీతో మొదలై, దారి దొరికితే యూడీపీని కూడా వాడుకుంటుంది. వీపీఎన్ టన్నెల్‌లో ప్రతి ప్యాకెట్‌కీ అదనపు హెడర్లు తగులుకుంటాయి కాబట్టి పెద్ద యూడీపీ ప్యాకెట్లు పట్టక దారిలోనే రాలిపోవచ్చు. చిన్న పింగ్‌కి ఏమీ కాదు. అందుకే నెట్‌ని ఎంత పరీక్షించినా తప్పు దొరకదు.

సెషన్‌లో ఉండగా పైన నీలం పట్టీలో సిగ్నల్ గుర్తు నొక్కండి. యూడీపీ ఎనేబుల్ అయిందని చూపిస్తే, మీ ల్యాప్‌టాప్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ తెరిచి, విండోస్ కాంపొనెంట్స్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ క్లయింట్ కింద ‘టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్’ని ఎనేబుల్ చేసి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి. విండోస్ హోమ్‌లో ఈ ఎడిటర్ ఉండదు. అలాంటప్పుడు ఆఫీసు పీసీ వైపే టీసీపీ మాత్రమే వాడేలా పెట్టమని అడ్మిన్‌ని అడగండి. మా టీమ్ అమ్మాయికి ఆ బిగుసుకోవడం దీనితోనే పోయింది. రిమోట్‌లో వీడియోలు చూస్తే కాస్త తడబడొచ్చు గానీ టైపింగ్ పనికి తేడా తెలియదు.

దీని తర్వాత కూడా తెగితే 40వ ఈవెంట్ టైము, కోడ్, సరిగ్గా ఆ నిమిషంలో వీపీఎన్ లాగ్‌లో ఏముందో పెట్టండి, చూస్తాను.