తోడికోడలి బిడ్డను తెచ్చుకోవాలంటే భయమేస్తోంది, ఇది పాపమా?

ప్రశ్న: మాది కాజీపేట. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను, మాకు ఇద్దరు పిల్లలు. పోయిన ఏడాది మా బావగారు, తోడికోడలు బండి మీద వస్తూ యాక్సిడెంట్‌లో చనిపోయారు. వాళ్ల పాపకు ఎనిమిదేళ్లు, పరకాల దగ్గర ఊళ్లో మా అత్తమ్మ దగ్గర ఉంటోంది, మా మామయ్య లేరు. మా ఆయన తెచ్చుకుందాం అంటారు. పాస్టర్‌గారు హాస్టల్‌లో వేయమంటున్నారు. చుట్టాలేమో ఆ పాపకు వచ్చే రెండెకరాల కోసమే తెస్తున్నారని అప్పుడే అంటున్నారు. ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు మా పిల్లలు కంచాలు వదిలేసి లేస్తే, ఆ పిల్ల మాత్రం ఎవరూ చెప్పకుండానే తన కంచం కడిగి బోర్లించేది. మంచి పిల్లే. కానీ నా పిల్లలతో సమానంగా చూడగలనా అని భయం. వద్దంటే దేవుని ముందు దోషినవుతానా?

జవాబు: చెల్లీ, భయపడటం పాపం కాదు. సమానంగా చూడగలనా అని ముందే అడుగుతున్నారంటే ఆ పిల్ల గురించి నిజంగా ఆలోచిస్తున్నట్టే. కానీ దోషినవుతానేమో అనే టెన్షన్‌తో మాత్రం ఒప్పుకోకండి, అట్లా తెచ్చుకున్న పిల్లను చూసినప్పుడల్లా ఆ బరువే గుర్తొస్తుంది, పిల్లలకు అది ఇట్టే తెలిసిపోతుంది.

మీ ఉత్తరంలో ఆ కంచం దగ్గర ఆగిపోయాను. అది మంచితనం కాదమ్మా, ఎనిమిదేళ్ల పిల్ల ఒకరింట్లో బరువు కాకూడదని పడే జాగ్రత్త. ఎంత బుద్ధిమంతురాలో అని అందరి ముందు మెచ్చుకుంటే ఆ జాగ్రత్త ఇంకా పెరుగుతుంది. మీ పిల్లల్లాగే ఆమె కూడా కంచం వదిలేసి ఆటకు ఉరికిన రోజు, అందరినీ కేకేసినట్టే ఆమెనూ కేకేయండి. కేకలేస్తే ఎవరేమనుకుంటారో అని వెనక్కి తగ్గడం కూడా తేడా చూపించడమే.

ఇక వాక్యం సంగతి. యాకోబు 1:27లో దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమే భక్తి అని ఉంది కదా. మన దగ్గర పరామర్శ అంటే చావింటికి పోయి కాసేపు కూర్చొని, ఇన్ని పండ్లు చేతిలో పెట్టి, ప్రార్థన చేసి రావడం, అందుకే జ్ఞాపకార్థ కూడిక అయిపోగానే బాధ్యత తీరిందని సంఘాలు అనుకుంటున్నాయి, ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. అక్కడున్న గ్రీకు మాటకు వెళ్లి బాగోగులు చూసుకోవడం అనే అర్థం ఉంది, మత్తయి 25లో రోగిని చూడ వచ్చారన్న చోట కూడా అదే మాట.

ఇంకొకటి గమనించండి. ఆ వాక్యం పిల్లల్ని, విధవరాళ్లను విడదీయలేదు. మీ ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. ఉత్తరమంతా పాపను ఎక్కడ ఉంచాలా అనే ఉంది గానీ, కొడుకును, కోడలిని ఒక్కసారే పోగొట్టుకున్న మీ అత్తమ్మను ఎవరైనా అడిగారా? ఆమె దగ్గర మిగిలింది ఆ పిల్లే, ఆ పిల్లకు మిగిలింది ఆమే. పాపను కాజీపేటకు తెచ్చి ఆమెను ఊళ్లో ఒంటరిగా వదిలేస్తే సగమే చేసినట్టు. అత్తమ్మ కూడా వస్తానంటే ఇద్దరినీ తెచ్చుకోండి, ఇల్లు ఇరుకే అవుతుంది, నాకు తెలుసు.

ఆమె ఊరు విడిచి రానంటే పాప అక్కడే ఉండొచ్చు, మీరు చేతులు దులుపుకోకుండా ఉంటే చాలు. బైబిల్‌లో మొర్దెకై తల్లిదండ్రులు లేని తన పినతండ్రి కూతురు ఎస్తేరును పెంచుకున్నాడని అందరికీ తెలుసు, ఆమె రాజు కోటలోకి వెళ్లాక కూడా ఎట్లా ఉందో తెలుసుకోవడానికి రోజూ ఆవరణం ముందు తిరిగాడని ఎస్తేరు 2:11లో ఉంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. వారం వారం మీరు పోవాలి, ఫీజు, బట్టలు, జ్వరం వస్తే డాక్టర్, అన్నీ మీవే అనుకోవాలి. అమ్మానాన్నలు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ అధికారి ఆఫీసులో అడగండి. ఇదేం బిచ్చం కాదు, మొహమాటపడొద్దు.

పాస్టర్‌గారి మనసు మంచిదే. మిషన్ హాస్టళ్లలో చదువుకొని పైకొచ్చిన పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. కానీ చూసుకునే మనుషులున్న పిల్లను హోమ్‌కు పంపడం చివరి దారి, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా అదే చెబుతుంది.

దత్తతే అనుకుంటే, క్రైస్తవులకు దత్తత లేదనే పాత మాట నమ్మకండి. ఒకప్పుడు 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద గార్డియన్‌గా మాత్రమే ఉండగలిగేవాళ్లం, ఇప్పుడు ఏ మతం వాళ్లైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చు. బాబాయి తీసుకోవడం బంధువుల దత్తత కిందికి వస్తుంది, మీకు ఇద్దరు పిల్లలుండటం అడ్డు కాదు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, 2022 సెప్టెంబర్ నుంచి ఉత్తర్వు కలెక్టరే ఇస్తున్నారు. భార్యాభర్తలిద్దరి ఒప్పుదల కావాలి, ఐదేళ్లు దాటింది కాబట్టి పాప ఒప్పుదల కూడా కావాలి. బాండ్ పేపర్ మీద రాసుకొని నోటరీ చేయిస్తే అది దత్తత కాదు.

రెండెకరాల మాటకు కోపం తెచ్చుకోకండి, పని చేసి చూపించండి. దత్తతకు ముందు పిల్ల పేరు మీదున్న ఆస్తి దత్తత తర్వాత కూడా పిల్లదే అని చట్టంలోనే ఉంది. మీ ఆయనను ముందు తహసీల్దార్ ఆఫీసుకు పంపి, పాప వాళ్ల నాన్న వాటాను పాప పేరు మీదికి విరాసత్ (వారసత్వ మార్పు) చేయించమనండి. కౌలు డబ్బులు ఆమె పేరున బ్యాంకులో వేయండి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని కూడా తీసుకొని పరకాల బస్సెక్కండి. ముందు అత్తమ్మతో ఒక్కరే కూర్చొని మాట్లాడండి. తర్వాత పాపను అడగండి, చుట్టాల ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. అమ్మా అని పిలవమని అడగొద్దు, చిన్నమ్మ అన్న పిలుపు చాలు. వెంటనే జవాబు చెప్పకపోతే తొందరపెట్టకండి, మళ్లీ వారం వస్తానని చెప్పి, చెప్పినట్టే వెళ్లండి.