జకరియా ఖాన్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొఘలుల కాలంలో లాహోర్ సుబేదారుగా, అంటే గవర్నరుగా ఉన్న జకరియా ఖాన్ మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. కానీ మొదటి పేజీలోనే అతని కళ్లు ఎర్రబడ్డాయి. చివరిదాకా ఆ మనిషిలో నాకు కోపం తప్ప ఇంకేమీ కనబడలేదు.

అతను క్రూరుడే, అందులో అనుమానం లేదు. సిక్కుల తలలకు వెలకట్టాడు. ఆ క్రూరత్వాన్ని నువ్వు తగ్గించి రాయొద్దు. అయితే 1733లో అతను సిక్కులతో రాజీకి దిగిన సంగతి నీ కథలో ఒక్క వాక్యంతో దాటిపోయింది. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. గోదావరి ఒడ్డున నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్‌ను కలిసి పంజాబుకు వెళ్లిన సిక్కు సేనాని బందా సింగ్‌ను 1715లో పట్టుకున్నది జకరియా ఖాన్ తండ్రి అబ్దుస్ సమద్ ఖాన్. ఆ తండ్రి తర్వాత 1726లో లాహోర్ సుబా కొడుకు చేతికొచ్చింది. ఏడేళ్లు వేటాడినా సిక్కులు అడవుల్లోంచి వచ్చి ఖజానా బళ్లను కొడుతూనే ఉన్నారు. చివరికి అతనే సుబేగ్ సింగ్ అనే సిక్కు చేత వాళ్లకు నవాబు బిరుదు, ఏడాదికి లక్ష రూపాయలొచ్చే జాగీరు పంపించాడు. ఆ కబురు పంపిన రాత్రి అతని మనసు ఎలా ఉండి ఉంటుంది? అది రాయి.

అవతల అమృత్‌సర్‌లో ఆ బిరుదును, సభలో విసనకర్ర విసురుతున్న కపూర్ సింగ్‌కు కట్టబెట్టారు. నవాబునైనా గుర్రపుశాలలో సేవ మాత్రం మాన్పించొద్దని ఆయన అడిగాడని సిక్కులు చెప్పుకుంటారు. ఈ రెండు గదులూ పక్కపక్కన పెట్టి చూడు. 1735లో జాగీరు వెనక్కి తీసుకున్నారు. ఆ రెండేళ్లలోనే నీ కథ ఉంది.

ఇంకోటి. దీన్ని రెండు మతాల గొడవగా మాత్రం రాయకు. ఖాన్ పోయాక, 1746లో వేలమంది సిక్కులను చంపిన దాడిని నడిపించిన లాహోర్ దివాను లఖ్‌పత్ రాయ్ హిందువు. తన తమ్ముడు సిక్కుల చేతిలో చనిపోయాడన్న పగ కూడా అందులో ఉంది.

భాయీ తారూ సింగ్ ఘట్టంలో నువ్వు నెత్తురు ఎక్కువ చూపించావు. జుట్టు కత్తిరించనివ్వనన్నందుకు 1745లో నెత్తి చర్మమే ఒలిచారు. ఆ ఒక్క మాట చాలు. ఖాన్ కూడా ఆ ఏడాది జూలైలోనే చనిపోయాడు. అది తారూ సింగ్ శాపం వల్లే అన్నది సిక్కుల నమ్మకం. దాన్ని వదలక్కర్లేదు, ఏ ముసలమ్మ నోటనైనా చెప్పించు. కథకుడిగా నువ్వు మాత్రం అనకు.

ఆ ఘట్టాన్ని పూహ్లా ఊళ్లో మొదలుపెట్టు. తారూ సింగ్ తల్లీ, తోబుట్టువూ పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్నారు. అవి అడవిలో దాక్కున్నవాళ్ల కోసం. అతన్ని లాహోర్‌కు పట్టించింది ఆ రొట్టెలే. తిరగరాసి నెలాఖరులోగా పంపు, ఎదురుచూస్తుంటాను.

మీ అన్న